ఒక్క పేరు కోసం వెళ్తే: ఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకంలో నడక

ఇండియా గేట్ పక్కనున్న జాతీయ యుద్ధ స్మారకాన్ని చాలామంది పావుగంటలో చుట్టేస్తారు. నేరుగా జ్యోతి దగ్గరికి నడిచి, ఫొటో దిగి, వెనక్కి తిరుగుతారు. అమరుడైన ఒక జవాను కోసం వెళ్లేవాళ్లకు ఆ దారి సరిపోదు. బయటి వలయంలో మొదలుపెట్టి లోపలికి నడవండి. గంటన్నర పెట్టుకోండి. ప్రవేశ రుసుము లేదు.

2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన ఈ స్మారకంలో ఒకదానిలో ఒకటిగా నాలుగు చక్రాలున్నాయి. బయటి రక్షక చక్రమంతా చెట్లే, నీడ దొరికేది అక్కడే. దాని లోపలిది త్యాగ చక్రం. మా లెక్కలో స్మారకమంటే ఇదే. చక్రవ్యూహాన్ని తలపించే వలయాకారపు గోడలు, గోడల నిండా గ్రానైట్ పలకలు. ఒక్కో సైనికుడికి ఒక్కో పలక, దానిమీద బంగారు రంగు అక్షరాల్లో పేరు. స్వాతంత్ర్యం తర్వాత ప్రాణాలిచ్చినవాళ్లవి పాతిక వేలకు పైనే ఉన్నాయి. కళ్లతో వెతికితే దొరకదు. పలక ఏ గోడమీద ఉందో చూపే టచ్ స్క్రీన్లున్నాయి, ముందు వాటి దగ్గరికి వెళ్లండి.

తెలుగువాళ్లకు చిక్కొచ్చేది ఇక్కడే. మన ఇంటిపేరు ముందుంటుంది, ఒక్కోచోట పొడి అక్షరమే మిగులుతుంది, ఇంగ్లిష్ స్పెల్లింగు మారిపోతుంది. 2020 జూన్ 15న గల్వాన్‌లో అమరుడైన సూర్యాపేట బిడ్డ, 16 బిహార్ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబునే తీసుకోండి. ఆయన ఇంటిపేరు ఒకచోట ఒక 'కె'తో, మరోచోట రెండు 'కె'లతో కనిపిస్తుంది. కాబట్టి ఇంటిపేరు వదిలేసి అసలు పేరుతో వెతకండి. ఆర్మీ నంబరు, రెజిమెంటు, అమరుడైన సంవత్సరం సర్వీసు కాగితాల్లో చూసి, అక్కడున్న స్పెల్లింగుతో సహా రాసుకెళ్లండి. వెంకటేశ్వర్లు, సత్యనారాయణ లాంటి పేర్లకైతే ఇది తప్పనిసరి.

పలక ఫొటో తీసేటప్పుడు ఎదురుగా నిలబడితే నున్నటి రాయిమీద వెలుగు కొట్టి అక్షరాలు పోతాయి. కాస్త పక్కకు జరిగి వాలుగా తీయండి. వేసవి మధ్యాహ్నం పెద్దవాళ్లను తీసుకెళ్లొద్దు, రాతి నేల సెగ తట్టుకోలేరు.

తర్వాతి వీరతా చక్రంలో ఆరు యుద్ధఘట్టాల కంచు కుడ్యశిల్పాలున్నాయి. రెజాంగ్ లా (1962 చైనా యుద్ధం), లోంగేవాలా (1971 పాకిస్తాన్ యుద్ధం) శిల్పాల దగ్గర తీరిగ్గా ఆగండి. నడిమధ్యన అమర చక్రం: స్తూపం, ఆరని జ్యోతి. ఇండియా గేట్ కింద వెలిగిన అమర్ జవాన్ జ్యోతిని 2022 జనవరి 21న ఇందులోనే కలిపారు. పరమవీర చక్ర పొందిన 21 మంది విగ్రహాలు పక్కనే పరమ యోధ స్థల్‌లో ఉన్నాయి.

సాయంత్రం జెండా దించే రిట్రీట్ వేళ అమరుడి కుటుంబసభ్యుల చేత పుష్పగుచ్ఛం పెట్టించే ఆనవాయితీ ఎంతో గొప్పది. మీ ఇంటివాళ్లకు ఆ అవకాశం కావాలంటే రైలు టికెట్లు కొనకముందే స్మారకం అధికారులతో మాట్లాడుకోండి. అప్పటికప్పుడు వెళ్లి అడిగితే కుదురుతుందని అనుకోవద్దు.

బయల్దేరేముందు ఇంకొకటి సరిచూసుకోండి. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ జవాన్లకు, పోలీసులకు వేరే స్మారకం ఉంది. అది చాణక్యపురిలోని జాతీయ పోలీసు స్మారకం, 2018 అక్టోబరు 21న ప్రారంభమైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన తాతముత్తాతల కోసమైతే చూడాల్సింది ఇండియా గేట్ గోడలనే.