స్కైవార్న్ వాతావరణ క్లాసు: కొన్నేళ్ల తర్వాత నా రివ్యూ

డాలస్ చుట్టుపక్కలకి కొత్తగా వచ్చిన మనవాళ్లు, గాలివానల్ని కళ్లతో గమనించి వాతావరణ శాఖకి చెప్పడం నేర్పే ఈ స్కైవార్న్ క్లాసు పనికొస్తుందా అని అడుగుతుంటారు. నేను కొన్నేళ్లుగా వెళ్తున్నాను. పనికొస్తుంది, అందులో సందేహం లేదు. నేషనల్ వెదర్ సర్వీస్ (అమెరికా ప్రభుత్వ వాతావరణ శాఖ) ఫోర్ట్ వర్త్ ఆఫీసు వాళ్లు ఏటా గాలివానల సీజన్‌కి ముందు ఊరూరా పెడతారు. ఫీజు లేదు, ముందు చదువేమీ అక్కర్లేదు. ఒక పూట కూర్చుంటే చాలు.

మాది కోనసీమ. అక్కడ తుఫాను వస్తుందంటే రోజుల ముందే తెలిసిపోతుంది, సామాన్లు సర్దుకోవచ్చు. ఇక్కడి టోర్నడోకి, అంటే భయంకరమైన సుడిగాలికి, దొరికేది నిమిషాలే. ఆ టెన్షన్‌తోనే క్లాసుకి వెళ్లాను.

ఇంత పెద్ద రాడార్లు ఉండగా మన కళ్లతో పనేంటి అన్న ప్రశ్నకి అక్కడే జవాబు దొరికింది. భూమి గుండ్రం కదా, దూరం పోయేకొద్దీ రాడార్ కిరణం నేలకి ఎత్తుగా వెళ్తుంది. వంద కిలోమీటర్ల అవతల అది కిలోమీటరుకు పైనే ఉంటుంది. ఆ కింద ఏం జరుగుతోందో అక్కడున్న మనిషి చూసి చెప్పాల్సిందే.

నాకు బాగా ఉపయోగపడింది మేఘాల పాఠం. వాన ముందు నల్లగా గోడలా దొర్లుకొచ్చే షెల్ఫ్ క్లౌడ్ చూస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్‌లో ఏటా దాని ఫోటో పెట్టి "టోర్నడో వచ్చేస్తోంది" అంటారు. అది ఎక్కువగా తెచ్చేది ఈదురుగాలి. అదీ తక్కువదేం కాదు, లోపలికి పోవాల్సిందే. అసలు కంగారు పడాల్సింది వాన పడని పక్క కిందికి దిగి, కొన్ని నిమిషాలపాటు ఆగకుండా తిరుగుతూ ఉండే వాల్ క్లౌడ్‌ని చూసి. ఇప్పుడు నేను మేఘం తిరుగుతోందా లేదా అనేదే ముందు చూస్తాను.

వడగళ్ల గురించి చెప్పేటప్పుడు "గోళీ అంత" అనొద్దంటారు, గోళీలు రకరకాల సైజులు కాబట్టి. క్వార్టర్ (పావు డాలరు) నాణెం అంతుంటే ఒక అంగుళం, అక్కడి నుంచే ప్రమాదకరమైన గాలివాన లెక్క. ఊళ్లో మోగే హెచ్చరిక సైరన్ కూడా బయట ఉన్నవాళ్ల కోసమేనట, ఇంట్లో నిద్రపోయేవాళ్లు ఫోన్ అలర్ట్ ఆన్‌లో పెట్టుకోవాలి.

లోపమంటే వేగం. ఒకసారి లైబ్రరీ హాల్లో మైకు సరిగ్గా లేక సగం వినపడలేదు, పైగా వీడియోలు చకచకా మారిపోయాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకి అంగుళాలు, మైళ్లు, కొత్త పేర్లు అన్నీ ఒకేసారి మీద పడతాయి. రెండో ఏడు మళ్లీ కూర్చుంటేనే నాకు కుదురుకుంది. ఆన్‌లైన్‌లో కూడా పెడతారు కానీ, కుదిరితే హాలుకే వెళ్లండి. క్లాసు అయ్యాక మీ ఫోన్లో ఉన్న మేఘాల ఫోటోలు చూపించి అడగొచ్చు, ఓపిగ్గా చెబుతారు.

ఐదుకి నాలుగు ఇస్తాను.