వయొలిన్‌కు, గిటార్‌కు, వీణకు: శ్రుతి బిగించే ఏర్పాట్లలో ఏది మేలు?

పర్లాకిమిడిలో తంత్రీవాద్యాలకు మరమ్మతు చేసే నా దగ్గరికి, వానలు మొదలయ్యేసరికి ఒకే ప్రశ్న పదేపదే వస్తుంది. గుణుపురం నుంచి వచ్చే వయొలిన్ విద్యార్థి అడిగినా, బరంపురంలో గిటార్ నేర్పే మాస్టారు అడిగినా, టెక్కలి వైపు నుంచి వీణ తెచ్చే అమ్మగారు అడిగినా సారాంశం ఒకటే: ఉన్న కర్ర బిరడలనే (తీగ కొనను చుట్టి తిప్పే చీలలనే) సరిచేయించుకోవాలా, గేరు బిరడలు వేయించుకోవాలా, లేక తల లేని గిటార్లలో లాగా గుర్రం (తీగలను మోసే బ్రిడ్జి) వైపు మరలు పెట్టించుకోవాలా? ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చినదాన్ని కారణాలతో సహా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ధర, బరువు, అందం, పళ్ళ నిష్పత్తి అన్నీ చూడవలసినవే. అయితే నా లెక్కలో తేల్చేది ఒక్కటే: తీగను తిప్పే చోటూ, తిప్పిన తీగను నిలబెట్టే చోటూ ఒకటేనా, వేరువేరా? కర్ర బిరడలో ఆ రెండూ ఒకటే. రంధ్రంలో ఏ గోడను రాసుకుంటూ బిరడ తిరగాలో, అదే గోడను పట్టుకుని ఏడెనిమిది కిలోల లాగుడుకు ఎదురు నిలవాలి. సులువుగా తిరిగే బిరడ జారిపోతుంది, గట్టిగా నిలిచే బిరడ తిరగనని మొరాయిస్తుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న కాస్త జాగాలో బిరడను ఏడాది పొడుగునా ఉంచడం ఎంత మంచి పనివాడికైనా కష్టం, మన ప్రాంతపు గాలిలో మరీ కష్టం.

జూన్ నుంచి అక్టోబరు దాకా మహేంద్రతనయ ఒడ్డున గాలి తడిగానే ఉంటుంది. కర్ర ఆ తడిని పీల్చి ఉబ్బుతుంది, కానీ అన్ని వైపులా ఒకేలా ఉబ్బదు; మాను వలయాల వెంట వచ్చే మార్పు, చేవ నుంచి బెరడు వైపు వచ్చే మార్పుకు దాదాపు రెట్టింపు ఉంటుంది. అందువల్ల గుండ్రంగా చెక్కిన బిరడ కోలగా మారుతుంది, రంధ్రమూ తన దారిన తాను కోలగా మారుతుంది, ఆ రెండూ ఒకదానిలో ఒకటి తిరిగేటప్పుడు ఒకచోట బిగుసుకుని మరోచోట జారుతాయి. విద్యార్థి శ్రుతి కోసం తిప్పితే బిరడ కదలదు. ఇంకొంచెం బలం పెడితే టక్కుమని ఒక్కసారిగా దూకి తీగను తెంపుతుంది. అదే వాద్యాన్ని డిసెంబరులో కోరాపుట్ కొండల మీది కచేరీకి తీసుకువెళితే, పొడి చలిగాలికి కర్ర కుంచించుకుపోయి, పెట్టె తెరిచేసరికి నాలుగు తీగలూ వదులై గుర్రం పడిపోయి ఉంటుంది. జారే బిరడను నిలపడానికి లోపలికి నెట్టి నెట్టి తిప్పే అలవాటు వల్ల రంధ్రం అంచు నుంచి వెంట్రుకవాసి చీలిక బయలుదేరిన వయొలిన్లు ప్రతి చలికాలం తరవాతా నా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి.

ఇక కొలతల సంగతి. వయొలిన్ పై తీగను పాశ్చాత్య పద్ధతిలో 659 హెర్ట్జ్‌కు ఎత్తి కడితే, ఉక్కు తీగ తన నిడివిలో సుమారు 0.7 శాతం సాగుతుంది. బిరడ నుంచి కింది కొన దాకా చూస్తే అది 3 మిల్లీమీటర్ల చిల్లర. అక్కడి నుంచి ఒక స్వరస్థానం (పన్నెండు స్వరాల్లో పక్క మెట్టు) పెంచడానికి కావలసిన సాగుదల 0.4 మిల్లీమీటరు కూడా ఉండదు. 7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న బిరడ ఒక్క చుట్టుకు 22 మిల్లీమీటర్ల తీగను లాక్కుంటుంది కాబట్టి, ఒక స్వరస్థానానికి బిరడ తిరగవలసింది ఆరు డిగ్రీలే. స్వరస్థానంలో ఇరవయ్యో వంతు తేడాను శిక్షణ పొందిన చెవి పట్టేస్తుంది. దాన్ని సరిచేయడానికి డిగ్రీలో మూడో వంతుకన్నా తక్కువ కదలిక చాలు. ఉబ్బిన కర్రను అంత కొలతగా కదపడం చేతి నేర్పుకు అందే పని కాదు.

కర్ణాటక సంగీతానికి తీగలు దించి కట్టుకునే మనకు ఇది ఇంకా కఠినం. ఉక్కు తీగ సన్నదైనా లావుదైనా, దాని సాగుదల ధ్వని తరచుదనపు (ఫ్రీక్వెన్సీ) వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి ఉంటుంది. రెండు శ్రుతిలో (షడ్జమం పాశ్చాత్య D అయినప్పుడు) పై తీగ పంచమం 440 హెర్ట్జ్ దగ్గర నిలిచినప్పుడు, ఒక స్వరస్థానానికి బిరడ కదలవలసింది మూడు డిగ్రీల లోపే. దించి కడితే బిరడకు శ్రమ తగ్గుతుందన్న మాట నిజమే, కానీ అదే బిరడ శ్రుతికి ఇంకా మొరటు సాధనం అవుతుంది. మన విద్యార్థులకు గేరు అక్కరలేదనే గురువులకు నేను ముందుగా చూపించే లెక్క ఇదే.

గేరు బిరడ ఈ చిక్కును విడదీస్తుంది. దాని తొడుగు రంధ్రంలో బిగుసుకుని కర్రతో ఏకమై కదలకుండా ఉంటుంది, లోపలి ఇరుసు మాత్రమే తిరుగుతుంది. తలా ఇరుసూ ఒకే గీత మీద ఉండడం వల్ల పాత బిరడ రంధ్రంలోనే యంత్రమంతా ఇమిడిపోతుంది. గిటార్ మరలో లాగా పక్కకు పొడుచుకు వచ్చే కాడ ఉండదు. 4:1 నిష్పత్తి (తల నాలుగు చుట్లకు ఇరుసు ఒక చుట్టు) సాధించాలంటే నడుమ 12 పళ్ళ చక్రం, దాని చుట్టూ 12 పళ్ళవి మూడు, వాటన్నిటినీ చుట్టి 36 పళ్ళ వలయం ఉంటే సరిపోతుంది. ఆ వలయం 6 మిల్లీమీటర్ల వ్యాసంలో ఇమడాలంటే ఒక పన్నూ దాని పక్క సందూ కలిపి అర మిల్లీమీటరుకు మించకూడదు. మన ఊళ్ళ లేతు షాపుల్లో ఆ పళ్ళు కోయించలేం; ఈ భాగం కొనుక్కోవలసిందే.

ఇలా నడిమి చక్రం చుట్టూ చిన్న చక్రాలు తిరిగే గ్రహచక్రాల గేరు తనంతట తాను తాళం వేసుకోదు, తీగ లాగితే వెనక్కి తిరగగలదు. దాన్ని ఆపేది లోపల కావాలని పెట్టిన రాపిడి. కొన్ని రకాల్లో తలను నెట్టి తిప్పితే ఆ రాపిడి పెరుగుతుంది, లాగి తిప్పితే తగ్గుతుంది. రాపిడి అన్నది ఇక్కడా ఉంది కదా అని అడగవచ్చు. ఉంది, కానీ అది తడిని పీల్చని భాగాల మధ్య ఉంది, వాన దాన్ని ముట్టుకోలేదు. పైగా ఆ రాపిడిని మీ వేలు గేరు బలంతో ఎదుర్కొంటుంది కాబట్టి గట్టిగా ఉంచినా సులువుగా తిరుగుతుంది. జర్మనీ కంపెనీ విట్నర్ చేసే బిరడల నిష్పత్తి 8.5:1, వాటితో పై తీగకు ఒక స్వరస్థానం అంటే తల యాభై డిగ్రీలు తిరగాలి. అది చేతికి చక్కగా అందే కొలత. జిగురు అక్కరలేకుండా బిగుసుకునే రకం కావడం కూడా నేను దానివైపు మొగ్గడానికి ఒక కారణం. మరచుట్లు కోసి జిగురుతో నిలిపే 4:1 రకాలూ మంచివే, కానీ వాటిని తరవాత తీయవలసి వస్తే పని పెరుగుతుంది.

లోపాలు లేవని కాదు. కొత్త తీగ చుట్టేటప్పుడు తల పాతిక సార్లు తిప్పవలసి వస్తుంది, కచేరీ నడుమ తీగ తెగితే ఆ జాప్యం తెలుస్తుంది. రంధ్రాన్ని 1:30 వాలుతో సరిగ్గా తొలవకపోతే తొడుగు పట్టదు. ఎక్కువగా తొలిస్తే మళ్ళీ కర్ర బుష్ వేస్తే తప్ప వెనక్కి రాలేం. అందుకే వంశపారంపర్యంగా వచ్చిన పాత వయొలిన్ అయితే తొలవడానికి నేను తొందరపడను. దానికి కర్ర బిరడలే కొత్తగా చెక్కి, జారితే సుద్ద, బిగుసుకుంటే పొడి సబ్బు కొద్దిగా రాసి, కాలం మారినప్పుడల్లా చూసుకుంటూ ఉండమంటాను. నేర్చుకునే పిల్లల వయొలిన్లకు మాత్రం సందేహం లేకుండా గేరు బిరడే వేయించండి. సాధనకు కూర్చున్న అరగంటలో పదిహేను నిమిషాలు బిరడతో పోరాడే పిల్లవాడికి శ్రుతి మీద చెవి కుదరదు, విసుగు మాత్రం కుదురుతుంది. కింద తోకపట్టెకు (తీగల కింది కొనలు తగిలించే పట్టెకు) పెట్టే చిన్న మరలు ఉక్కు తీగలకు పనికివస్తాయి. అయితే అవి జారే బిరడను ఆపలేవు.

గిటార్‌కు ప్రశ్న వేరు, ఎందుకంటే తిప్పడాన్నీ నిలపడాన్నీ విడదీసే పని అక్కడ ఎప్పుడో జరిగిపోయింది. వియన్నాలో యోహాన్ గేయోర్గ్ స్టౌఫర్ పందొమ్మిదో శతాబ్దం తొలి దశకాల్లోనే గిటార్ తలకు వర్మ్ గేరు (స్క్రూ లాంటి కాడ పళ్ళ చక్రాన్ని తిప్పే) మరలు బిగించాడు. వర్మ్ చుట్టు వాలు తగినంత తక్కువగా ఉంటే కాడ చక్రాన్ని తిప్పగలదు గాని చక్రం కాడను తిప్పలేదు. తీగ ఎంత లాగినా అక్కడే ఆగిపోతుంది. 6 మిల్లీమీటర్ల స్తంభానికి 14:1 గేరు ఉంటే, మీట ఒక చుట్టుకు 1.35 మిల్లీమీటర్ల తీగ వస్తుంది. పై తీగకు ఒక స్వరస్థానం 0.6 మిల్లీమీటరు చిల్లర కాబట్టి అది సుమారు అర చుట్టు. 18:1 అయితే ఇంకా నెమ్మది.

తల లేని గిటార్‌ను 1980 దశకం మొదట్లో నెడ్ స్టైన్‌బెర్గర్ జనంలోకి తెచ్చాడు. అందులో తీగను చుట్టడం ఉండదు, గుర్రం వైపున మర తిప్పితే తీగ తిన్నగా లాగబడుతుంది. 0.7 మిల్లీమీటరు మరచుట్టు ఉన్న 4 మిల్లీమీటర్ల స్క్రూకు ఒక చుట్టు అంటే ఇంచుమించు ఒక స్వరస్థానం. నునుపులో దీన్ని మించినది లేదు, మెడ బరువు తగ్గుతుంది, రాయగడ బస్సులో ఒళ్ళో పెట్టుకుని పోవచ్చు. ఈ ఆలోచన పూర్తిగా కొత్తదీ కాదు. పద్దెనిమిదో శతాబ్దంలోనే లండన్‌లో జాన్ ప్రెస్టన్ పేరుతో పేరుపడిన మరల్లో, గడియారం తాళంచెవి లాంటిదానితో స్క్రూ తిప్పి కొక్కేనికి తగిలించిన తీగను లాగేవారు.

అయినా మన వైపు వాళ్ళకు నేను మూతవేసిన 18:1 వర్మ్ మరలనే చెబుతాను. స్క్రూ నడక కొద్ది మిల్లీమీటర్లే కాబట్టి తీగను ముందే చేత్తో బిగువుగా లాగి బిగించాలి. రెండు కొనలా గుండు ఉన్న తీగలు కావలసిన రకమైతే అవి బరంపురంలో అడిగిన వెంటనే దొరకవు. మామూలు తీగను నొక్కి పట్టే రకమైతే చిన్న అలెన్ కీ పోయిన రోజున వాద్యం పక్కన పెట్టవలసిందే. మూతలేని మరలు గోపాలపురం ఉప్పుగాలికి త్వరగా తుప్పు పడతాయి, గ్రీజుతో మూసినవి నిలుస్తాయి. మరలు మార్చే ముందు మరొకటి చూసుకోండి: తిప్పుతున్నప్పుడు టింగుమని శబ్దం వచ్చి శ్రుతి గెంతితే, తప్పు మరలో కాదు, తల దగ్గర తీగలు ఆనే పట్టీలో (నట్‌లో) తీగ ఇరుక్కునే గాడిలో ఉంది. గాడిని సన్న ఆకురాయితో సరిచేసి పెన్సిల్ పొడి రాస్తే చాలాసార్లు కొత్త మరల ఖర్చే తప్పుతుంది. తీగను బిగించి పట్టే లాకింగ్ మరలు తీగ మార్చడాన్ని తేలిక చేస్తాయి, అంతకు మించి వాటి గురించి చెప్పేదేమీ లేదు. ఉకులేలేకు 4:1 గేరు బిరడ చాలు, నైలాన్ తీగ బాగా సాగే గుణం వల్ల అంత సూక్ష్మత అవసరం పడదు.

వీణ విషయంలో నా మాట మారుతుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగ తొలిచి చేసే వీణకు గిటార్ కీలు (తల మరలు) పెట్టమని అడిగేవాళ్ళు పెరుగుతున్నారు. ఆ పని చేయడానికి నాకు మనసొప్పదు, ఎందుకంటే నేను మొదట చెప్పిన విభజన వీణలో ముందునుంచే ఉంది. బిరడతో తీగను శ్రుతి దగ్గరికి తెచ్చి వదిలేస్తారు. ఆపైన నాగపాశానికి (తీగల కింది కొనలను పట్టే భాగానికి) కట్టిన లంగరు (తీగ కొనకూ దానికీ నడుమ ఉండే కొక్కెం) మీది చిన్న వలయాన్ని జరిపి మిగిలిన వాసిని సరిచేస్తారు. నిలబెట్టేది బిరడ, సరిదిద్దేది లంగరు. వానాకాలంలో బిరడ బిగుసుకున్నా దాన్ని కదపకుండానే వాయించేవారు పని నడుపుకోగలరు. గిటార్ కీలకోసం బిరడపెట్టె గోడల్లో తొలిచే అదనపు రంధ్రాలు పనస కర్రను బలహీనపరుస్తాయి, ఆ బరువు తల వైపు చేరి వీణ ఒడిలో నిలిచే తీరును మారుస్తుంది. మీ వీణ శ్రుతి నిలవకపోతే ముందు లంగర్లు చూడండి. వలయం అరిగి జారుతుంటే అది మార్పించండి. తరవాత బిరడను గుండ్రంగా చెక్కించండి. నాలుగు వాయింపు తీగలకన్నా పక్కన తాళానికి మీటే మూడు తాళం తీగల లంగర్లనే జనం ఎక్కువగా పట్టించుకోరు, వాటి నుంచే మొదలుపెట్టండి.