స్నేహితుడి బోటెక్కే ముందు డీజిల్ క్యాను నింపుకుని వెళ్ళండి

ఈ ఫిబ్రవరిలో ఒంగోలు నుంచి ఆరుగురం మళ్ళీ నెల్లూరు జిల్లా అల్లూరు వైపు వెళ్ళొచ్చాం. డిగ్రీలో నాతో చదువుకున్న స్నేహితుడిది అటు సముద్రం ఒడ్డు పల్లె. తాతల నాటి నుంచీ వాళ్ళింట్లో వేటే జీవనం. మావాడికి సొంత ఫైబర్ బోటుంది, దానికి పది హార్స్‌పవర్ డీజిల్ ఇంజను. ఉప్పుటేటి మీద అయిదు గంటలు తిరిగాం. నెల్లూరు, ప్రకాశం తీరంలో నేను చూసినవాటిలో ఇంత తృప్తినిచ్చిన పూట ఇంకొకటి లేదు.

అయితే రెండేళ్ళ కిందట ఇదే బోటు మొదటిసారి ఎక్కినప్పుడు మేం ప్రవర్తించిన తీరు గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అందుకే చూసిన చోట్లకంటే ముందు ఆ సంగతి రాస్తున్నాను.

అప్పుడు తొమ్మిది మందిమి వెళ్ళాం. ఆరుగురమే వస్తామని చెప్పి తొమ్మిది మందిమి దిగాం. తెల్లవారి ఆరుకల్లా రమ్మంటే ఎనిమిదిన్నరకు చేరాం. మా వాళ్ళలో ఒకాయన బూట్లతోనే బోటు ముందు భాగం మీద కాలు పెట్టాడు. దాన్ని వాళ్ళు అణియం అంటారు. పసుపు పూసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి గంగమ్మను తలుచుకునే చోటది. మావాడు నోరు తెరవలేదు. వాళ్ళ నాయన మాత్రం చెంబుతో నీళ్ళు తెచ్చి ఆ చోటు కడిగి వెళ్ళిపోయాడు. ఎవరూ ఒక్క మాటైనా అనకపోవడం నాకు మరీ కష్టంగా అనిపించింది.

ఆలస్యంగా బయల్దేరాం కాబట్టి తిరిగొచ్చేసరికి ఆటు మొదలైంది. మన తీరంలో ఆటుపోట్ల తేడా బెంగాల్ వైపు ఉన్నంత ఉండదు. అయినా ఉప్పుటేటిలో ఇసుక మేటల మీద జానెడు నీళ్ళు తగ్గితే చాలు, బోటు కూర్చుండిపోతుంది. మాదీ అలాగే కూర్చుంది. తొమ్మిది మంది బరువు. మావాడు, అతని బావమరిది నడుము లోతు నీళ్ళలో దిగి తోశారు. ఇంజను గట్టిగా తిప్పేసరికి అడుగున పడి ఉన్న పాత వల ముక్క ఫ్యానుకు చుట్టుకుంది. దాన్ని కత్తితో కోసి తీసేసరికి మధ్యాహ్నం రెండయింది. మర్నాడు వేటకు పోవాల్సిన బోటు ఇంజను రిపేరుకని ఒడ్డునే ఉండిపోయింది.

ఒడ్డుకు చేరాక మాలో ఒకాయన అందరూ చూస్తుండగా మావాడి చొక్కా జేబులో అయిదు వందల నోటు కుక్కి, "ఉంచు, డీజిల్‌కి" అన్నాడు. మావాడు నోటు తీసి ఆయన చేతిలోనే పెట్టి, "బాడుగకు తిప్పలేదన్నా" అన్నాడు. మనసు నొచ్చుకుని అన్న మాటే అయినా, అందులో చట్టం కూడా ఉంది. వేట బోటు రిజిస్ట్రేషను వేటకే. మనిషికింతని డబ్బు తీసుకుని ఎక్కిస్తే అది ప్రయాణికుల బోటు కిందికి వస్తుంది. దానికి లైసెన్సు వేరు, తనిఖీలు వేరు. ఆ నోటు జేబులో కుక్కి మావాడిని మేం బాడుగ బోటువాణ్ణి చేశాం, అదీ నలుగురిలో.

ఈసారి వెళ్ళే ముందు నెల రోజులపాటు దీని గురించే మాట్లాడుకున్నాం. ఎవరెవరు వస్తారో ఖాయం చేసుకుని, ఆ లెక్క దాటకూడదని గట్టిగా అనుకున్నాం. నేను ఫోన్ చేసి, "రేయ్, డీజిల్ మేమే తెచ్చుకుంటాం, కాదంటే రాం" అన్నాను. కాసేపు ఊరుకుని, "సరే అబ్బయ్యా, పది లీటర్లు తే, అంతకు మించొద్దు" అన్నాడు. ఆ ఇంజను గంటకు రెండు లీటర్లలోపే తాగుతుందట. అయిదు గంటల షికారులో ఇంజను నడిచేది మూడున్నర గంటలే అయినా, ఎదురుగాలి, ఇసుక మేటలు, పక్షుల దగ్గర చుట్టుతిరుగుడు ఉంటాయి కాబట్టి పది ఉంటే నిశ్చింత అన్నాడు.

మనమే డీజిల్ కొనుక్కుని వెళ్ళాలనడానికి ఇంకో కారణం ఉంది. రిజిస్టరైన వేట బోట్లకు మన ప్రభుత్వం డీజిల్ మీద లీటరుకు 9 రూపాయల సబ్సిడీ ఇస్తోంది. అది వలేసి చేప పట్టుకునేవాడి కష్టానికిచ్చేది, దాన్ని మన షికారుకు కాల్చకూడదు. కావలిలో బంకు దగ్గర ఆగి, మామూలు ధరకు, లీటరు వందకు దగ్గర్లో పెట్టి నింపించుకున్నాం. ఒక ఇంజనాయిలు డబ్బా కూడా కొన్నాం. మొత్తాన్ని ఆరు వంతులు చేసి బయల్దేరక ముందే అందరి దగ్గరా వసూలు చేశాను. మావాడిని లెక్కలో వేయలేదు. ఆఖరి రోజు రానన్న మిత్రుడి వంతు కూడా తీసుకున్నాం, ఎందుకంటే మావాడు అప్పటికే మనిషిని మాట్లాడి పెట్టుకున్నాడు. ఆ మిత్రుడి బదులు మా తమ్ముడొచ్చాడు, అతని దగ్గర మళ్ళీ తీసుకోలేదు.

గెడ పట్టడానికి వచ్చే బావమరిది సంగతి వేరు. అతను ఆ పూట కూలి పోగొట్టుకుని వస్తాడు. అతని కూలి ఎంతో ముందే అడిగి తెలుసుకుని, విడిగా కవరులో పెట్టి మావాడి భార్య చేతికిచ్చాం. "మీ అన్నయ్యకివ్వు చెల్లెమ్మా, కూలి డబ్బులు" అన్నాను. ఆమె మారుమాట లేకుండా తీసుకుంది. కూలి తీసుకోవడంలో చిన్నతనం లేదు, స్నేహానికి వెల కట్టినప్పుడే మనిషి నొచ్చుకుంటాడు. ఈ రెండింటికీ తేడా మొదటిసారి మాకు తెలియలేదు.

ఇక బస గురించి. రెండేళ్ళ కిందట మావాడింట్లోనే పడుకున్నాం. అది కూడా తప్పే. సముద్రం ఒడ్డు పల్లెల్లో భూమిలో నీళ్ళు ఉప్పు. తాగడానికి, వంటకు వాళ్ళు క్యాన్లు కొనుక్కుంటారు. తొమ్మిది మంది రెండు పూటలు తాగి, కడుక్కుంటే ఆ ఇంటికి ఎన్ని క్యాన్లు ఖర్చయ్యాయో అప్పుడు ఆలోచించలేదు. ఈసారి కావలిలో లాడ్జిలో దిగాం. గదులు శుభ్రంగానే ఉన్నాయి. తెల్లవారి నాలుగుకే బయల్దేరతామని రాత్రే చెప్పినా, కౌంటరులో మనిషి లేవక గేటు దగ్గర అరగంట నిలబెట్టారు. మీరు అలా ముందుగా పోయేవాళ్ళయితే బిల్లు రాత్రే కట్టేసి, తాళం ఎవరు తీస్తారో పేరడిగి మరీ తెలుసుకోండి.

కుటుంబాలతో వెళ్ళేవాళ్ళు మైపాడులో ఉండొచ్చు. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లే, బస్సులున్నాయి, టూరిజం రిసార్టు ఇసుక పక్కనే. పిల్లలు పొద్దస్తమానం ఆడుకుంటారు. కానీ బోటు కోసం అక్కడికి పోకండి. అక్కడ బోట్లు అలలకు ఎదురుగా ఇసుకలోంచి నేరుగా సముద్రంలోకి తోస్తారు. అది అలవాటున్నవాళ్ళ పని. మాకు దగ్గరైన కొత్తపట్నంలోనూ అంతే, సాయంత్రం కూర్చోవడానికి బావుంటుంది, అంతవరకే. పిల్లలతో, పెద్దవాళ్ళతో బోటెక్కాలంటే ఉప్పుటేరే మేలు.

ఉప్పుటేటిలోనూ లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కకూడదు. మావాడి దగ్గర నాలుగున్నాయి. మిగతావి మేం ముందే కొనుక్కుని తీసుకెళ్ళాం. వస్తూ వస్తూ వాటిని బోటులోనే ఉంచేశాం. ఒంగోలు వాళ్ళకు ఈ మాట ఎవరూ చెప్పనక్కర్లేదు. 2017 నవంబరు 12న, కార్తీక మాసంలో, ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో అనుమతి లేని బోటు తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. వాళ్ళలో ఎక్కువమంది మా ఊరి వాకర్స్ క్లబ్బు వాళ్ళు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు. ఆ వారం ఒంగోలులో ఏ వీధికెళ్ళినా ఎవరో ఒకరింట ఏడుపే. అందుకే ఇప్పుడు మా వాళ్ళలో ఎవరైనా "ఇంకొకడు ఎక్కితే ఏమవుతుందిలే" అంటే నేను దిగిపోతానని చెప్పాను. బోటులో ఎంతమంది అన్నది బోటు మనిషి చెప్పాలి. ఎక్కడ కూర్చోమంటే అక్కడే కూర్చోవాలి, ఫొటోల కోసం అందరూ ఒక పక్కకు జరగకూడదు.

ఈసారి ఆరుకు ముందే ఒడ్డున ఉన్నాం. పోటు సమయం రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంటుంది కాబట్టి, పోయిన వారం ఎవరో ఆరుకు వెళ్ళారని మనమూ ఆరుకు వెళ్తే కుదరదు. ముందు రోజు మావాడినే అడిగి టైము పెట్టుకున్నాం. చెప్పులు ఒడ్డునే గంపలో పెట్టి, పక్కవైపు నుంచి ఎక్కాం.

బయల్దేరే ముందు మావాడు సన్నటి సరుగుడు పుల్ల ఒకటి తీసి క్యానులో అడుగు తగిలేదాకా ముంచాడు. పైకి తీసి, తడి ఎక్కడిదాకా ఉందో అక్కడ బ్లేడుతో చిన్న గాటు పెట్టాడు. పుల్లను బోటు పక్కన తాడు కింద దోపాడు. ఎందుకని అడగలేదు, తనే చెప్పాడు: "లెక్క ఇద్దరికీ తెలిస్తే మంచిదబ్బయ్యా."

పొద్దు పొడిచే వేళకు బకింగ్‌హామ్ కాలువ కలిసే చోటికి చేరాం. అప్పట్లో మద్రాసుకు ఉప్పు, వంటచెరకు, బియ్యం ఈ కాలువ మీదే పోయేవి. 1876-78 ధాత కరువులో కరువు పని కింద మద్రాసులో కొంత మేర తవ్వించి ఉత్తరపు కాలువను దక్షిణపు కాలువతో కలిపారు, అప్పటి గవర్నరు పేరే దానికి పెట్టారు. మావాడి తాత గట్టు మీద నడుస్తూ తాడు పట్టి సరుకు పడవలు లాగిన మనిషి. ఇప్పుడు చాలా చోట్ల పూడిపోయి, పక్కన రొయ్యల గుంటలు వచ్చాయి. అక్కడ నీళ్ళు వదిలే గొట్టాల దగ్గర వాసన, నురగ చూస్తే గుండె బరువెక్కుతుంది.

బురద మేట మీద గూడబాతులు బారుగా కూర్చుని ఉన్నాయి. దూరంలోనే ఇంజను ఆపేయమని మా తమ్ముడే అడిగాడు. బావమరిది గెడ వేసి నెమ్మదిగా నెట్టాడు. ఇంజను ఆగాక నీళ్ళ చప్పుడు, పక్షుల రెక్కల చప్పుడు మాత్రమే. డీజిల్ మిగిలించేదీ అదే, చూడాల్సింది చూపించేదీ అదే. ఏరు సముద్రంలో కలిసే మొగ దాకా వెళ్ళి వెనక్కి తిరిగాం. సముద్రంలోకి తీసుకెళ్ళమని మేం అడగలేదు. అడిగితే కాదనలేక ఇబ్బంది పడతాడని తెలుసు. అక్కడ మెరైన్ పోలీసులు ఆపితే జవాబు చెప్పుకోవాల్సింది అతనే.

భోజనం ఒక్క పూట వాళ్ళింట్లో. ముందు రోజు రాత్రే కాచిన, మామిడికాయ వేసిన చేపల పులుసు. వాళ్ళ పిల్లలకు నోటు పుస్తకాలు, ఇంటికి బియ్యం బస్తా తీసుకెళ్ళాం. వచ్చేటప్పుడు చెల్లెమ్మ పీతలు సంచిలో కట్టి ఇచ్చింది. ఇచ్చినవి ఇచ్చినట్టు తీసుకున్నాం. "వంజరం లేదా" అని పోయినసారి మాలో ఒకాయన అడిగాడు, అలా అడగకూడదు. వంజరం వాళ్ళు అమ్ముకుని ఇల్లు గడుపుకునే చేప.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుఫాన్లు. కాబట్టి సంక్రాంతి తర్వాత మార్చి దాకా వెళ్ళడమే మంచిది.

ఒడ్డుకు చేరాక మావాడు మళ్ళీ పుల్ల ముంచాడు. తడి సగానికి కాస్త కింద ఆగింది. మిగిలింది ఉంచుకోమన్నాను. అతను క్యాను మూత బిగించి, సుద్దముక్కతో దాని మీద "ఒంగోలు" అని రాసి, వలలు పెట్టే పాకలో ఎత్తుగా ఉన్న బల్ల మీద పెట్టాడు. పుల్లను కూడా దాని పక్కనే ఉంచాడు.