నోత్రదామా, సాంత్ షాపెలా?

పారిస్‌లో సేన్ నది మధ్య ఒకే దీవిలో ఉన్నాయి ఈ రెండు చర్చిలూ. 1163లో పని మొదలైన నోత్రదామ్ ఊరందరి చర్చి. 2019 ఏప్రిల్ మంటల్లో పైకప్పు, శిఖరం కూలిపోయాయి. 2024 డిసెంబరులో మళ్లీ తెరిచారు. శుభ్రం చేసిన రాయి ఇప్పుడు తెల్లగా మెరుస్తోంది. ప్రవేశం ఉచితం.

సాంత్ షాపెల్‌కి టికెట్ కొనాలి. ఇది రాజుగారి సొంత ప్రార్థనామందిరం. క్రీస్తు ముళ్లకిరీటంగా భక్తులు నమ్మే దాన్ని ఉంచడానికి ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీ కట్టించాడు. 1248లో ప్రతిష్ఠ జరిగింది. పై అంతస్తులో గోడలున్నాయా అనిపిస్తుంది! చుట్టూ 15 పొడవాటి రంగుటద్దాల కిటికీలే. వాటిలో 1,113 దృశ్యాలు, దాదాపు అన్నీ బైబిల్ కథలే. ఆ కిరీటం మాత్రం ఇప్పుడు నోత్రదామ్‌లో ఉంది.

ఒక్కదానికే టైముంటే, ఎండ కాసే రోజైతే నా ఓటు సాంత్ షాపెల్‌కే. ప్రార్థనలో కూర్చోవాలనుకుంటే నోత్రదామ్‌కి వెళ్లండి.