ఫోరియర్‌పై తెలుగు వీడియో పాఠాలు: వేడి దగ్గర మెప్పించాయి, అంచు దగ్గర తడబడ్డాయి

డిగ్రీలో గణితం, భౌతికశాస్త్రం చదివేవారి కోసం తెలుగులో రికార్డు చేసి, మొబైల్ యాప్ ద్వారా అమ్ముతున్న వీడియో పాఠాలను ఈ వేసవి సెలవుల్లో మొదటి నుంచి చివరి వరకు చూశాను. ఫ్రెంచి గణిత, భౌతిక శాస్త్రవేత్త జోసెఫ్ ఫోరియర్ జీవితాన్నీ, ఆయన పేరు మీద ప్రసిద్ధమైన శ్రేణులనూ, అంటే ఒక ప్రమేయాన్ని సైను, కొసైను తరంగాల మొత్తంగా రాసే పద్ధతినీ కలిపి చెప్పడం వీటి ఉద్దేశం. నల్లగొండ చుట్టుపక్కల తెలుగు మాధ్యమంలో చదివి, డిగ్రీలో ఒక్కసారిగా ఇంగ్లీషు పుస్తకాల ముందు కూర్చునే పిల్లలకు పాఠం చెప్పేవాడిగా ఇటువంటిది రావాలని ఎప్పటి నుంచో కోరుకుంటున్నాను. అందుకే మెచ్చుకోవడంలోనూ తప్పు పట్టడంలోనూ మొహమాట పడడం లేదు.

జీవిత భాగం వేగంగా సాగుతుంది. 1768లో ఓసేర్ పట్టణంలో ఒక దర్జీ ఇంట పుట్టడం, చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకోవడం, ఫ్రెంచి విప్లవకాలంలో 1794లో జైలుపాలై బయటపడడం, 1798లో నెపోలియన్ వెంట ఈజిప్టు వెళ్లడం ఒకదాని వెంట ఒకటి వచ్చిపోతాయి. వెనక వినిపించే సంగీతం మాత్రం మాటను మింగేస్తుంది. ఈ భాగంలో నాకు నచ్చినది గ్రెనోబుల్ ఘట్టం. ఈజిప్టు నుంచి తిరిగి వచ్చాక నెపోలియన్ ఆయనను గ్రెనోబుల్ కేంద్రంగా ఉన్న ఈజేర్ ప్రాంతానికి ప్రిఫెక్టుగా, అంటే ఇంచుమించు మన జిల్లా కలెక్టరు వంటి పదవిలో నియమించాడు. బుర్గోయిన్ చిత్తడి నేలల నీటిని మళ్లించడం, టూరిన్ వైపు రహదారి వేయించడం వంటి పనుల నడుమనే ఆయన ఘనపదార్థాలలో వేడి ఎలా ప్రసరిస్తుందో తేల్చే పరిశోధనను సాగించాడు. దీనిని పాఠం చెప్పినవారు తీరికగా, చక్కగా వివరించారు.

అసలు విలువ మూడవ భాగంలో ఉంది. సాధారణంగా మన తరగతుల్లో ఫోరియర్ శ్రేణి అనగానే గుణకాల సూత్రాలు బోర్డు మీద రాసి, సమాకలనాలు చేయించి వదిలేస్తాం. సైన్లూ కొసైన్లే ఎందుకు కావలసి వచ్చాయన్న ప్రశ్న ఎవరూ అడగరు. ఇక్కడ ఒక ఇనుప కడ్డీతో మొదలుపెట్టారు. కడ్డీ పొడవునా ఉష్ణోగ్రత సైను తరంగంలా ఉంటే, కాలం గడిచేకొద్దీ ఆ తరంగం ఎత్తు తగ్గుతుందే తప్ప ఆకారం మారదు. పైగా మూడు రెట్లు సన్నని తరంగం తొమ్మిది రెట్లు వేగంగా చల్లారుతుంది. అందువల్ల మొదటి ఉష్ణోగ్రత ఎంత గజిబిజిగా ఉన్నా, దానిని ఇటువంటి తరంగాల మొత్తంగా రాయగలిగితే ఒక్కొక్కదాన్ని విడిగా చల్లార్చి, చివరికి కలుపుకోవచ్చు. ఈ మాట అర్థమైన విద్యార్థికి సూత్రాలు బట్టీ పట్టవలసిన అవసరం సగం తగ్గుతుంది.

1807లో పారిస్‌లోని శాస్త్ర సంస్థకు ఫోరియర్ సమర్పించిన వ్యాసంపై పేరుమోసిన గణితవేత్త లగ్రాంజ్ అభ్యంతరం చెప్పడం, తరువాత ప్రకటించిన పోటీలో ఫోరియర్ బహుమతి గెలిచినా తర్కంలో కట్టుదిట్టం చాలదని నిర్ణేతలు మెలిక పెట్టడం, ఆ సిద్ధాంతం 1822లో గాని పుస్తకంగా రాకపోవడం కూడా దాచకుండా చెప్పారు. ఏ ప్రమేయాలకు ఈ శ్రేణి పని చేస్తుందో గణితవేత్త డిరిక్లే 1829లో తేల్చిన సంగతినైతే ఒక్క వాక్యంలో దాటవేశారు. గణిత విద్యార్థికి అది చాలదు.

అసలు తప్పు ఆ తరువాతి, అంటే నాలుగవ భాగంలో దొర్లింది. రెండు విలువల మధ్య మెట్లలా మారే చదరపు తరంగాన్ని సైన్లతో నిర్మించి చూపేటప్పుడు, విలువ ఒక్కసారిగా మారే అంచు దగ్గర గీత కాస్త పైకి ఎగబాకుతుంది. శ్రేణిలో కలిపే సైను పదాలను పెంచుతూ పోతే ఈ ఎగుబాటు మాయమవుతుందని పాఠంలో చెప్పారు. అది నిజం కాదు. పదాలు పెరిగేకొద్దీ ఎగుబాటు సన్నబడి అంచుకు దగ్గరగా జరుగుతుందే గాని, దాని ఎత్తు ఆ అంచు దగ్గరి మొత్తం మార్పులో దాదాపు 9 శాతం దగ్గర నిలిచిపోతుంది; గిబ్స్ అనే శాస్త్రవేత్త పేరుతో ప్రసిద్ధమైన విషయమిది. తెర మీది బొమ్మే మాటను కాదంటుండగా గమనించకపోవడం ఆశ్చర్యం.

మరొక లోటు తప్పు కాదు గాని మనసుకు పట్టింది. మే నెలలో 44, 45 డిగ్రీలు చూసే జిల్లాలవారికి ఉష్ణవాహకత్వం చెబుతూ ఇనుప కడ్డీ దగ్గరే ఆగిపోయారు. పగలంతా కాగిన స్లాబు రాత్రి పడుకునే వేళకు గదిలోకి వేడి దింపడం, మందపాటి మట్టిగోడల ఇంట్లో అదే వేడి బాగా తగ్గి, ఆలస్యంగా లోపలికి చేరడం వేడి ప్రసరణపై ఫోరియర్ ఇచ్చిన సమీకరణం చెప్పే సంగతులే. నేలలోకి దిగే ఉష్ణతరంగాలను ఆయన స్వయంగా లెక్కించాడు. రుతువులతో మారే ఏడాది తరంగం, పగలూ రాత్రీ మారే రోజువారీ తరంగం కంటే సుమారు 19 రెట్లు లోతుకు పోతుంది, ఎందుకంటే లోతు కాలవ్యవధి వర్గమూలాన్ని అనుసరిస్తుంది. నేల స్వభావాన్ని బట్టి ఆరేడు మీటర్ల లోతున రుతువు తలకిందులవుతుంది. పైన ఎండ మండే రోజుల్లో అక్కడ ఏడాదిలోకెల్లా చల్లని కాలం నడుస్తుంటుంది, అయితే మార్పు మాత్రం పైనున్న దానిలో ఇరవై మూడో వంతే. దేవరకొండ వైపు పాత బావుల్లోకి దిగినవారికి ఆ లోతు కొత్తది కాదు. ఒక్క ఉదాహరణ ఇక్కడి నుంచి తీసుకుని ఉంటే పాఠం ఎంత మారేదో!

యాప్ విషయానికి వస్తే, వీడియోలను ఫోనులో దాచుకునే వీలుంది కాబట్టి నెట్ సరిగా అందని అచ్చంపేట వైపు ఊళ్ల పిల్లలకు ఇబ్బంది లేదు. నోట్సులో సమీకరణాల అచ్చు మసకగా ఉంది, జిరాక్సు తీస్తే గుణకాలు అసలే కనబడవు. గిబ్స్ తప్పు గురించి రాసిన ఉత్తరానికి ఇంకా జవాబు రాలేదు. పరీక్ష లెక్కల కోసమే అయితే దీనిని కొనవద్దు, సాధించిన లెక్కలు చాలా తక్కువ. డిగ్రీలో ఫోరియర్ శ్రేణులు బోధించేవారు, ఆ అధ్యాయం ఎందుకు చదువుతున్నామో తెలియక విసిగినవారు మూడవ భాగం కోసం కొనవచ్చు. నాలుగవ భాగాన్ని మాత్రం పక్కన ఒక మంచి పాఠ్యపుస్తకం పెట్టుకునే చూడాలి.