విజయనగరం దగ్గరి చిన్న స్టైనర్ బడిలో వసంత మేళా: జడకోలాటానికి మార్కులు, రంగులకు చురకలు

1919లో స్టుట్‌గార్ట్‌లో తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్ మొదలుపెట్టిన, చదువుతో పాటు ఆటపాటలకీ చేతిపనులకీ పెద్దపీట వేసే ఈ తరహా బళ్లలో పండగ పనులు చాలావరకు తల్లిదండ్రులే భుజానికెత్తుకుంటారు. ఇక్కడా అంతే. మేళాని ఉగాదికి ముందు ఆదివారం పెట్టారు.

అసలు చూడాల్సింది జడకోలాటం. యూరప్ బళ్లలో వసంత పండక్కి పాతే మేపోల్ అనే స్తంభం చుట్టూ రిబ్బన్లు అల్లినట్టే, ఇక్కడ చింతకొమ్మకి తాళ్లు కట్టారు. పిల్లలు సరిసంఖ్యలో ఉండాలి. సగం మంది కుడికి, సగం మంది ఎడమకి తిరుగుతూ, ఎదురొచ్చినవాళ్లని ఒకసారి లోపలినుంచి, ఒకసారి బయటినుంచి దాటాలి. ఒక్కరు వరస తప్పినా విప్పేటప్పుడు తాడు బిగుసుకుపోతుంది. 12 మందితో ఆపడం టీచర్ల తెలివి.

మోదుగపూల రంగు దగ్గర మాత్రం అంతా హడావుడే. పొందూరు ఖద్దరు ముక్కల్ని ఉడికించి గంజి వదిలించకుండానే ముంచేశారు, రంగు మచ్చలుమచ్చలుగా పట్టింది. 100 గ్రాముల గుడ్డకి 15 గ్రాముల పటిక వేడినీళ్లలో కరిగించి, గంటసేపు నానబెట్టి, ఆ తర్వాతే పూలు మరిగించిన నీళ్లలో వెయ్యాలి. పక్కనే అమ్మిన పసుపు జెండాలు ముచ్చటగానే ఉన్నాయి గానీ, సబ్బు తగిలితే ఎర్రబడతాయి, ఎండకి వెలిసిపోతాయి. ఆ సంగతి కొనేవాళ్లకి చెప్పాలి కదా!

పచ్చడిలో వేపపూత కాడలతో సహా వేశారు, చేదెక్కువైంది. పులిహోర బాగుంది.

నీడ చాలదు. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లి పదింటికల్లా బయటపడితే నయం.