బాబిలాన్ 5 'హెచ్‌డీ వైడ్‌స్క్రీన్' సెట్ కొనబోతున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

బాబిలాన్ 5 అనే 1990ల నాటి అమెరికన్ సైన్స్ ఫిక్షన్ టీవీ సీరీస్‌ని మొదటిసారి చూద్దామని డిస్కుల సెట్ కోసం వెతుకుతున్నవాళ్ళకి ఈ హెచ్చరిక. "కంప్లీట్ కలెక్షన్, హెచ్‌డీ రీమాస్టర్డ్, వైడ్‌స్క్రీన్, సినిమాలతో సహా, కథ జరిగిన వరుసలో" అని ఎవరైనా ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెడితే కొనకండి. నేను కొన్నాను. పోయిన డబ్బుదేముంది, నాలుగు రోజులు తిట్టుకుని మర్చిపోతాను. కానీ రచయిత రెండు మూడు సీజన్లపాటు దాచి దాచి విప్పిన గుట్టుని మొదటి రాత్రే నా ముందు కుమ్మరించేశారు. చూసిందాన్ని చూడనట్టు ఎలా చేసుకోవాలో మాత్రం తెలియట్లేదు.

భయపడకండి, ఆ గుట్టేమిటో ఇక్కడ రాయను. నాకు జరిగింది మీకు జరగకూడదనే కదా ఈ గోలంతా.

పెట్టె చూస్తే ముచ్చటేసింది. నల్లటి గట్టి అట్ట, దాని మీద అంతరిక్ష కేంద్రం బొమ్మ, లోపల అంకెలు వేసిన డిస్కులు వరుసగా. మొదటి డిస్కు మీద '1', దాని కింద 'ఇన్ ద బిగినింగ్' అని ఉంది. ఆదిలో అని పేరే చెబుతోంది. ఎవరైనా అక్కడే మొదలుపెడతారు. నేనూ లైట్లు ఆర్పేసి, ఫోన్ పక్క గదిలో పడేసి, మహా శ్రద్ధగా కూర్చున్నాను.

తీరా సంగతేమిటంటే, ఇన్ ద బిగినింగ్ అనేది నాలుగు సీజన్లు అయిపోయాక 1998 జనవరిలో టీఎన్‌టీ ఛానెల్‌లో వచ్చిన టీవీ సినిమా. సీరీస్ కథకి పదేళ్ళ ముందు భూమికీ మిన్‌బారీలనే గ్రహాంతర జాతికీ జరిగిన యుద్ధం అందులో ఉంటుంది. కథాకాలం ప్రకారం అది ముందుదే, కాదనను. కానీ తీసింది మాత్రం అప్పటికే అన్నీ తెలిసినవాళ్ళ కోసం. మొదటి సీజన్‌ని నడిపించేదే రెండు ప్రశ్నలు. గెలుపు చేతికి అందుతున్న క్షణంలో మిన్‌బారీలు ఉన్నట్టుండి ఎందుకు లొంగిపోయారు? ఆ ఆఖరి పోరులో యుద్ధ విమానం నడిపి, తర్వాత అంతరిక్ష కేంద్రానికి అధికారి అయిన సింక్లెయిర్ జ్ఞాపకంలోంచి 24 గంటలు ఎలా మాయమయ్యాయి? ఈ సినిమా ఆ రెండింటికీ జవాబు చెప్పేస్తుంది. దాగుడుమూతల ఆటలో ఎవరు ఎక్కడ దాక్కున్నారో ముందే చూపించి, ఇప్పుడు కళ్ళు మూసుకో అన్నట్టు.

ఆ దెబ్బ ఎంత గట్టిదో మొదటి సీజన్ ఎనిమిదో ఎపిసోడ్‌కి వచ్చాక తెలిసింది. సింక్లెయిర్ ఖాళీ అంతరిక్ష కేంద్రంలో ఒంటరిగా తిరుగుతుంటాడు, ఎక్కడినుంచో ఒక గొంతు ఆ 24 గంటల గురించి అతన్ని నిలదీస్తుంటుంది. సింక్లెయిర్‌గా వేసిన మైకేల్ ఓ'హేర్ మొహంలో ఆ తడబాటు, ఆ కోపం... అభిమానులు ఊపిరి బిగబట్టి చూశామని చెప్పుకునే ఎపిసోడ్ అది. నేను మాత్రం "చెప్పవయ్యా, నాకు తెలుసులే" అనుకుంటూ కూర్చున్నాను. ఆవులింత కూడా వచ్చింది, సిగ్గు విడిచి ఒప్పుకుంటున్నాను.

ఇంకా బాధ పెట్టింది లోండో సంగతి. పీటర్ జురాసిక్ వేసిన ఆ రాయబారి మొదట్లో తాగుతూ, జూదమాడుతూ, అందరినీ నవ్విస్తూ తిరుగుతాడు. అతను చివరికి ఏమవుతాడో ఆ సినిమా మొదటి నిమిషాల్లోనే కనిపిస్తుంది. ఇక అతను ఎన్ని జోకులేసినా నాకు నవ్వు రాదే!

సరే, అసలు వరుస ఏమిటంటారా? 1993 ఫిబ్రవరిలో వచ్చిన పైలట్ సినిమా ద గ్యాదరింగ్ ముందు చూడాలి. తర్వాత 1994 జనవరిలో మొదలైన మొదటి సీజన్, అక్కడినుంచి టీవీలో వచ్చిన వరుసే. ఇన్ ద బిగినింగ్ నాలుగో సీజన్ అయ్యాకే. ద గ్యాదరింగ్‌కి రెండు రూపాలున్నాయి. 1993 నాటి దానికి స్టూవర్ట్ కోప్లండ్ సంగీతం, 1998లో మళ్ళీ ఎడిట్ చేసినదానికి సీరీస్‌కి సంగీతం ఇచ్చిన క్రిస్టఫర్ ఫ్రాంకీ సంగీతం. ఏది దొరికినా పరవాలేదు, నాకైతే రెండోదే నయమనిపించింది. ఒక్క జాగ్రత్త: పాత అసలైన డీవీడీల్లో మొదటి సీజన్ పెట్టెలో ఈ పైలట్ ఉండదు, విడిగా తీసుకోవాలి. పెట్టెలో లేదు కాబట్టి దాటేద్దాం అనుకోకండి.

నా సెట్‌లో వరుస తప్పు అక్కడితో ఆగలేదు. సీరీస్ ఆఖరి ఎపిసోడ్ స్లీపింగ్ ఇన్ లైట్‌ని నాలుగో సీజన్ చివర పెట్టారు. దీని వెనక చిన్న కథ ఉంది. ఐదో సీజన్ ఉండదేమోనన్న భయంతో రచయిత జె. మైకేల్ స్ట్రాజిన్స్కీ ముగింపుని నాలుగో సీజన్ కోసమే షూట్ చేశాడు. తర్వాత టీఎన్‌టీ ఐదో సీజన్‌కి ఒప్పుకోవడంతో దాన్ని పక్కన దాచి, నాలుగో సీజన్‌కి వేరే చివరి ఎపిసోడ్ తీసి పెట్టాడు. దాచినది 1998 నవంబర్‌లో ప్రసారమైంది. నాకు అమ్మినాయన ఎక్కడో షూటింగ్ నంబర్ల జాబితా చూసి దాని ప్రకారం సర్దేసినట్టున్నాడు. అదృష్టం బాగుండి, మొదటి దెబ్బ తిన్నాక నేను ప్రతి డిస్కూ పెట్టేముందు ప్రసార తేదీలు చూసుకోవడం మొదలుపెట్టాను. లేకపోతే 22 ఎపిసోడ్లు మిగిలుండగానే కథ ముగింపు చూసేసేవాణ్ణి. 110 ఎపిసోడ్లలో 92 ఒక్క మనిషే రాసిన సీరీస్ ఇది, మూడో సీజన్, నాలుగో సీజన్ అయితే పూర్తిగా అతనివే. నవల పేజీలు కలిపేసి చదివితే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

ఇప్పుడు బొమ్మ గురించి. ఇక్కడే అసలు మోసం బయటపడింది, మీరు కూడా ఇక్కడే పట్టుకోవచ్చు.

హెచ్‌డీ అన్నారు, తెర నిండా వైడ్‌స్క్రీన్ వచ్చింది, బాగానే ఉందనుకున్నాను. కాసేపటికి కంటికి ఏదో ఇబ్బంది. ఇద్దరు మాట్లాడుకుంటున్నప్పుడు మొహాలు కాస్త స్పష్టంగానే ఉంటాయి. అదే షాట్‌లో ఎవరైనా తుపాకీ పేల్చగానే, మెరుపు రాకముందే, బొమ్మ మొత్తం ఒక్కసారి ముందుకి ఎగిరినట్టయి మసకబారుతుంది. పేలుడు అయిపోగానే మళ్ళీ మామూలు. ఒక దృశ్యం కరిగి ఇంకో దృశ్యం వచ్చేచోటా అదే తంతు. కంట్రోల్ రూమ్‌లో కిటికీ వెనక నక్షత్రాలు కనిపించాయంటే చాలు, ముందున్న మనుషుల తల పై భాగం తెగిపోతుంది. టీవీ పాడైందనుకుని సెట్టింగులన్నీ కెలికాను. కేబుల్ మార్చాను. ప్లేయర్ని కూడా అనుమానించాను పాపం.

కారణం ఇదీ. సీరీస్‌లో నటుల భాగాన్ని మునుముందు వైడ్‌స్క్రీన్‌కి పనికొచ్చేలా సూపర్ 35 ఫిల్మ్ మీద తీశారు. కంప్యూటర్ గ్రాఫిక్స్, వాటిని నటులతో కలిపిన షాట్లు మాత్రం అప్పటి టీవీలకు తగ్గట్టు 4:3లోనే (వెడల్పు నాలుగు పాళ్ళయితే ఎత్తు మూడు) తయారయ్యాయి. మొదట్లో ఆ గ్రాఫిక్స్ చేసింది అమీగా అనే హోమ్ కంప్యూటర్ల మీద, వీడియో టోస్టర్ అనే పరికరంతో. 1993లో పైలట్‌కి విజువల్ ఎఫెక్ట్స్‌కి ఎమ్మీ అవార్డు కూడా వచ్చింది. తర్వాత డీవీడీలు వైడ్‌స్క్రీన్‌లో వేసినప్పుడు ఈ గ్రాఫిక్స్ షాట్లకి పైనా కిందా కోసేసి, మిగిలినదాన్ని పెద్దది చేసి నింపారు. అందుకే ఆ ఎగురుడు, ఆ మసక.

2021లో వచ్చిన హెచ్‌డీ రీమాస్టర్‌లో ఈ తలనొప్పి లేదు. ఫిల్మ్‌ని మళ్ళీ స్కాన్ చేసి, గ్రాఫిక్స్‌ని ఉన్నవాటినే పెంచి శుభ్రం చేసి, మొత్తాన్నీ టీవీలో వచ్చిన 4:3లోనే ఉంచారు. 2023 డిసెంబర్‌లో వచ్చిన బ్లూ-రే కూడా అదే. చూస్తే ఎడమా కుడీ నల్లటి పట్టీలు ఉంటాయి.

అంటే ఏమైనట్టు? బాబిలాన్ 5కి నిజమైన హెచ్‌డీ అంటే 4:3. వైడ్‌స్క్రీన్ అంటే పాత డీవీడీ. 'హెచ్‌డీ వైడ్‌స్క్రీన్' అని రెండూ కలిపి రాశాడంటే, పాత డీవీడీని కాపీ కొట్టి సైజు పెంచి అమ్ముతున్నాడన్నమాట. లేదా అసలు రీమాస్టర్‌నే తెర నిండేలా పైనా కిందా నరికేశాడు. ఏదైనా మీకు పనికిరాదు. ఆ రెండు మాటలు పక్కపక్కన కనిపిస్తే చాలు, ఇంకేమీ అడగక్కర్లేదు.

పాత అసలైన వైడ్‌స్క్రీన్ డీవీడీలు అమ్మేవాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళని దొంగలనట్లేదు. అవి డీవీడీ అనే చెప్పి అమ్ముతారు. బొమ్మ సంగతి తెలిసి కొంటే అది మీ ఇష్టం.

నాకొచ్చిన డిస్కుల్ని తిరగేసి చూస్తే అడుగు భాగం ఊదా రంగులో ఉంది. ఫ్యాక్టరీలో అచ్చువేసిన డీవీడీ అడుగు వెండిలానో, లేత బంగారు ఛాయలోనో ఉంటుంది, ఊదా రంగు కనిపిస్తే ఇంట్లో కంప్యూటర్ మీద రాసిన డిస్కు. పై లేబుల్ గోటితో గీకితే కాగితం లేచింది. అసలైన డీవీడీల్లో ఒక్కో సీజన్‌కి ఆరు డిస్కులు, నాకు వచ్చినవి మూడేసి. 45 నిమిషాలకి దగ్గర్లో ఉండే ఎపిసోడ్లు 22 మూడు డీవీడీల్లో కుక్కితే ఇంకేం మిగులుతుంది? చీకటి షాట్లలో గచ్చు మీద గళ్ళు పరిచినట్టు చతురస్రాలు. సబ్‌టైటిల్స్ ఏదో యంత్రం విని రాసినట్టున్నాయి, జీకార్ అనే రాయబారి ఆవేశంగా తన నార్న్ జాతి గురించి చెబుతుంటే కింద 'నార్మ్' అని పడుతోంది. నార్మ్ ఎవరో పాపం, అతని మీద ఇన్ని దురాగతాలు జరిగాయా అనుకోవాలి.

అమ్మినాయనకి రాశాను. "డిస్కు ఆడుతోందా లేదా?" అని అడిగాడు. ఆడుతోందన్నాను. "మరి లోపమేముంది?" అన్నాడు. వరుస గురించి రాస్తే, "కథ జరిగిన వరుస అని ముందే చెప్పాం కదండీ" అన్నాడు. నిజమే, చెప్పాడు! ఆ మాటకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. హెచ్‌డీ సంగతి అడిగాక ఇక పలకలేదు. సీలు తీసిన వస్తువు వాపసు తీసుకునేది లేదన్న పాత మెసేజే మళ్ళీ మళ్ళీ వచ్చింది. నేను చేసిన తప్పు ఒకటుంది. పార్సెల్ విప్పుతున్నప్పుడు వీడియో తీయలేదు, ఊదా రంగు డిస్కుల ఫోటో వారం తర్వాత తీశాను. మీరు కొంటే విప్పిన రోజే తీయండి. అంతకంటే ముందు డిస్కు అడుగు భాగం ఫోటో, ఏదైనా ఎపిసోడ్ ఆడుతున్న తెర ఫోటో పంపమని అడగండి. నిజాయితీగా అమ్మేవాడికి అవి పంపడానికి రెండు నిమిషాలు పట్టదు.

ఒక చిన్న మాట, అసలు సెట్ కొన్నాక నన్ను తిట్టకుండా. రీమాస్టర్‌లో కూడా అంతరిక్ష నౌకల షాట్లు మెత్తగానే ఉంటాయి, ముప్పై ఏళ్ళ కిందటి గ్రాఫిక్స్ అవి. అది మోసం కాదు. మీ టీవీలో జూమ్, స్ట్రెచ్ లాంటివి ఆపేసుకోండి, లేకపోతే మంచి సెట్ కొని మీరే పాడుచేసుకున్నట్టవుతుంది. మొదటి సీజన్ కాస్త నత్తనడకే. పెట్టె వెనకాల ఉండే కథా సంగ్రహాలు చదవకండి, వాటికి నోరు ఆగదు.

నేను చివరికి బ్లూ-రే కొన్నాను. నాతోపాటు ఇప్పుడు మా చెల్లి చూస్తోంది, దానికి ఏమీ తెలియదు. ఇన్ ద బిగినింగ్ అన్న పేరు దాని చెవిన పడకుండా ఆ ఊదా రంగు డిస్కులన్నీ అటక మీద పెట్టేశాను. నిన్న ఎనిమిదో ఎపిసోడ్ అయింది. అది కుర్చీ అంచుకి జరిగి కూర్చుని, "ఒరేయ్ అన్నయ్యా, ఆ 24 గంటల్లో ఏం జరిగిందంటావు?" అని అడిగింది. ఏమో, నాకూ తెలీదే అన్నాను.